నొప్పి తెలిసిన కుర్చీ

కూర్చున్నవాడికి ఒళ్ళునొప్పులు తెప్పించే కుర్చీలు గోదావరి జిల్లాల్లో కొల్లలు. పంచాయతీ ఆఫీసుల్లో ఉన్నవన్నీ ఆ జాతివే. కానీ ఊళ్ళోవాళ్ళ నొప్పులన్నీ మోసుకొచ్చి కూర్చున్నవాడి ఒంట్లో దింపే కుర్చీ మాత్రం ఈ భూమ్మీద ఒక్కటే. అది గన్నేరులంక ఆస్పత్రిలో, సూపరింటెండెంటు గదిలో, కిటికీ పక్కన ఉంది. నమ్మనివాళ్ళు పంటెక్కి గోదారి దాటి వెళ్ళి కూర్చుని చూడొచ్చు. లేవదీయడానికి ఓ మనిషిని తోడు తీసుకెళ్ళడం మంచిది.

దాన్ని తయారుచేసింది హైమవతి. ఆ ఆస్పత్రి సూపరింటెండెంటు డాక్టర్ సోమసుందరం భార్య. ఆవిడ చదివింది మందుల చదువు కాదు, ఆస్పత్రిని నడిపే చదువు. ఆస్పత్రికి పెద్ద అన్నవాడు ఎలా ఉండాలి, ఉన్న డబ్బు ముందు దేనికి పెట్టాలి, ఏది న్యాయం, రోగికి అందే వైద్యం మంచిదో కాదో ఎలా కొలవాలి, ఇదీ ఆవిడ పరిశోధన. అందుకోసం వార్డుల్లో తిరిగి రోగుల్ని ప్రశ్నలడిగేది. పట్నంలో అడిగితే రోగులు తిట్టిపోసేవారు. ఆవిడ సంతోషంగా రాసుకునేది. గన్నేరులంక వచ్చాకే చిక్కొచ్చిపడింది.

"భోజనం ఎలా ఉందండీ?"

"బాగుందండి ఆయ్."

"నర్సులు ఎలా చూసుకుంటున్నారు?"

"బాగా చూసుకుంటున్నారండి ఆయ్."

ఒకాయనకి పుచ్చుపన్ను వదిలేసి పక్కనున్న మంచి పన్ను పీకేశారు. ఆయన్ని అడిగితే, "ఎంత బాగా పీకేరనుకున్నారండీ! రెండోదీ ఆయన చేతే పీకించుకుంటాను" అన్నాడు. లంకలో మర్యాద అలాంటిది. పంటులో ఎవరైనా కాలు తొక్కితే, తొక్కించుకున్నవాడే "నా కాలు మీకు అడ్డొచ్చిందండి" అని జరిగి నిలబడతాడు.

"ఈ ఊళ్ళో నోటిని అడిగి లాభం లేదండీ" అంది హైమవతి మొగుడితో. "ఒంటిని అడగాలి."

ఆ ఒంటినడిగే దారి ఇంటి వెనక వరండాలోనే దొరికింది. లంకలో గెల కొట్టేశాక అరటి బోదెల్ని గోదాట్లో పారేస్తారు. వాటి నార తీసి, ఏవేవో లవణాల నీళ్ళలో నానబెట్టి, కదురు మీద వడకడం హైమవతికి అప్పటికే ఒక పిచ్చి. ఒకరోజు తడినార ఆరకముందే చుట్టాలని, ఒక కొస సోమసుందరం మణికట్టుకి వేసి పట్టుకోమంది. అతను పట్టుకుని నిలబడి వెనక్కి ఒక్కడుగు వేశాడు. కాల్లో తుమ్మముల్లు దిగింది. "అబ్బా!" అని ఎగిరింది మాత్రం హైమవతి. పాదం పట్టుకుని చూసుకుంటే తన కాల్లో ఏమీ లేదు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత సాయంకాలం దాకా సోమసుందరాన్ని గిల్లుతూనే ఉంది మహాతల్లి.

నొప్పి పుట్టినప్పుడు మనిషి చర్మం కంటికి ఆననంత సన్నగా వణుకుతుంది. ఆ నార ఆ వణుకుని పట్టుకుని రెండో కొసదాకా తీసుకెళ్తుంది. అంతే సంగతి. హైమవతి ఆ నారని ఆస్పత్రి పరుపుల్లో కుట్టించింది. మంచానికో తీగ చొప్పున మేడమీద గదిలోకి లాగి, తీగలన్నీ సూపరింటెండెంటు కుర్చీ వెన్నుకి అల్లింది.

"రోగులకి ఎక్కడ నొప్పో ముందు పెద్దకే తెలియాలి" అంది. "కూర్చోండి."

సోమసుందరం నవ్వుతూ కూర్చున్నాడు. నవ్వు సగంలో ఆగింది. ఎడమ మడమలో ఎవరో ఇనప ఊచతో గుచ్చుతున్నట్టుంది. వణుకుతున్న తీగ మీద మంచం అంకె చూసుకుని మెట్లు దిగి వార్డులోకి పరిగెత్తాడు. మూడో మంచం మీద తాటిచెట్టంత తాత.

"తాతా, నీకు ఎడమ మడమ నొప్పిగా ఉందా?"

"లేదండి. బాగుందండి ఆయ్."

"నాకుందయ్యా!"

దుప్పటి తీసి చూస్తే మంచం కడ్డీ మడమలోకి కోసుకుపోయింది. తాత సిగ్గుపడిపోయాడు. "మంచం పొట్టిది కాదండీ. నేనే పొడుగైపోయాను. తప్పు నాదేనండి."

ఆ రోజునుంచి ఆస్పత్రి దశ తిరిగింది. హెడ్ నర్సు సుగుణమ్మ ఇంజక్షన్ వేసే పద్ధతి లంకలో ప్రసిద్ధి. పోస్టాఫీసులో ముద్ర కొట్టినట్టు కొట్టేది. ఇప్పుడు కింద సూది దిగగానే మేడమీద నుంచి "సుగుణా!" అని కేక వచ్చేది. వారం తిరక్కుండా సుగుణమ్మ చెయ్యి పువ్వైపోయింది. పక్క మీద కదల్లేని వాళ్ళకి పుళ్ళు పడకుండా వేళకి పక్కకి తిప్పడం మొదలైంది. దెబ్బలకి కట్లు విప్పేటప్పుడు నీళ్ళతో తడిపి విప్పడం వచ్చింది.

ఆస్పత్రి ట్రస్టు ప్రెసిడెంటు చంటిరాజుగారు అప్పుడే వచ్చారు. ఖర్చు తగ్గించాలి, కొత్త పరుపులు ఇప్పట్లో కుదరవు, అని చెప్పడానికి. సోమసుందరం కింద వార్డులో ఉండటం, గదిలో వేరే కుర్చీ లేకపోవడం, రాజుగారు దర్జాగా ఆ కుర్చీలోనే కూర్చోవడం జరిగిపోయాయి. కింద ఆ వేళ తొంటి విరిగిన ముసలమ్మ గట్టి పరుపు మీద ఉంది.

"ఏవండోయ్ డాక్టరుగారూ!" అన్న కేక పంటు రేవు దాకా వినిపించిందంటారు. సోమసుందరం వెళ్ళేసరికి రాజుగారు కుర్చీలో పక్కకి ఒరిగిపోయి ఉన్నారు. "పరుపులు... మెత్తటివి... ఎక్కడండీ సంతకం?" అన్నారు. సంతకం పెట్టాకే లేవగలిగారు. ఆ సంతకంలో వణుకు ఇప్పటికీ కనిపిస్తుంది.

సోమసుందరానికి కుర్చీ అంటే గర్వం పట్టుకుంది. ఇంతకుముందు పొద్దున్నా సాయంత్రం మంచం మంచానికీ తిరిగి "ఎలా ఉంది?" అని అడిగేవాడు. ఇప్పుడెందుకు? కూర్చుంటే అన్నీ తెలుస్తుంటే అడగడమెందుకు? తిరగడం మానేశాడు.

ఆ గర్వానికి ఒళ్ళు సుంకం కడుతూ వచ్చింది. కుర్చీలోంచి లేచినా నొప్పి ఒక పూటదాకా ఒంట్లో ఉండేది. సోమవారం కుడికాలు కుంటితే మంగళవారం ఎడమకాలు కుంటేవాడు. ఎవరికో కడుపులో పుండు ఉంటే ఇతను ఇంట్లో ఆవకాయ ముట్టడు. చొక్కాలు వదులైపోయాయి. చెంపలు తెల్లబడ్డాయి.

"రోజంతా కూర్చోమని నేననలేదండీ" అనేది హైమవతి. "కాసేపు కూర్చుని లేవండి. మిగతావాళ్ళని కూర్చోబెట్టండి. రాజుగారు కూర్చోవచ్చు, లెక్కలు చూసే ఆయన కూర్చోవచ్చు."

"నేను లేస్తే వాళ్ళ నొప్పి ఎవరికి తెలుస్తుంది హైమా?"

"అదీ మీ బెంగ! పెళ్ళిపీటల మీద కూడా ఇంత పట్టుదలగా కూర్చోలేదు మీరు."

ఇలా ఉండగా ఏడుకొండలు పెళ్ళాం కాన్పుకి వచ్చింది. ఏడుకొండలంటే లంకలో చెట్టెక్కి కొబ్బరి దింపు తీసేవాడు. ఆస్పత్రి ఆవరణలో చెట్లన్నీ అతని బాధ్యతే. ఆ పిల్లకి తొలికాన్పు. పురిటి గదిలో మంచానికి తీగ వెయ్యవద్దని హైమవతి చెప్పింది. కాని నొప్పులు మొదలైంది మామూలు వార్డులో.

ఆ తర్వాత జరిగింది లంకలో ఎవర్నడిగినా ఒక్కో రకంగా చెబుతారు. సోమసుందరం కేకలకి చెరువులో బాతులు అవతలి గట్టుకి వెళ్ళిపోయాయని ఒకరు. పంటు నడిపేవాడు వరద సైరనేమో అనుకుని తాళ్ళు బిగించాడని ఒకరు. నిజమేమిటంటే, ఆ పిల్ల అక్కడే పళ్ళు బిగించి నిశ్శబ్దంగా కంది. మధ్యమధ్యలో సుగుణమ్మతో, "మేడమీద ఎవరండీ పాపం, ఎవరైనా చూడండి" అని కూడా అంది. ఆడపిల్ల పుట్టింది. సూపరింటెండెంటుని మాత్రం స్ట్రెచర్ మీద ఇంటికి చేర్చారు. కళ్ళు తెరవగానే అతను అన్న మొదటి మాట, "కుర్చీలో ఎవరున్నారు?"

హైమవతి ఆ మాట వింది. నుదుటిమీద తడిగుడ్డ మార్చి లేచి వెళ్ళింది.

చిత్రం ఏమిటంటే, ఆ తర్వాత కుర్చీ నెమ్మదించింది. రోజురోజుకీ నొప్పులు తగ్గాయి. ఒక కీలు, ఒక పన్ను, తర్వాత అదీ లేదు. ఒకనాడు పొద్దుటినుంచి సాయంత్రం దాకా కూర్చున్నా ఒంట్లో చీమ కుట్టినంత నొప్పి లేదు. సోమసుందరం కుర్చీలో కునుకు కూడా తీశాడు. తన ఆస్పత్రిలో బాధపడే ప్రాణి లేదు! ఇంటికి వెళ్ళి చెబితే హైమవతి నవ్వి, "బాగుందండీ" అంది. కంచంలో ఇంకాస్త నెయ్యి వేసింది. అతని మొహం మీద మళ్ళీ రంగు రావడం చూస్తూ కూర్చుంది. తను మాత్రం సరిగ్గా తినలేదు. "ఎండలండీ" అంది.

నొప్పిలేని ఆస్పత్రి కబురు గోదారి దాటింది. నాణ్యత పరీక్షించే అధికారులు ముగ్గురు వచ్చారు. వాళ్ళలో పెద్దాయన కుర్చీలో కూర్చుని, "ఏమీ లేదే!" అన్నాడు ఆశ్చర్యంగా. సోమసుందరం నవ్వుతూ వాళ్ళని వార్డులోకి తీసుకెళ్ళాడు. చాలా రోజుల తర్వాత తను కూడా అడుగు పెట్టాడు.

మంచాలు ముడతలేని దుప్పట్లతో మెరిసిపోతున్నాయి. ఖాళీగా. ప్రతి మంచం పక్కనా నేలమీద చాప, చాప మీద రోగి.

"మంచాలుండగా కింద పడుకున్నారేం?" అన్నాడు పెద్దాయన.

"చల్లగా ఉంటుందండి ఆయ్" అన్నారు అందరూ.

"ఎండాకాలం కదా" అని పెద్దాయన తలూపాడు. ధ్రువపత్రం అక్కడికక్కడే ఇచ్చేశాడు. చంటిరాజుగారు దాన్ని రెండు చేతులా అందుకుని, "ముందు వాళ్ళకి బొండాలు కొట్టించండి డాక్టరుగారూ" అన్నారు.

సోమసుందరం బయటికి వచ్చి పైకి చూశాడు. ఆవరణలో చెట్ల నిండా కాయలు ముదిరి వేలాడుతున్నాయి. కొన్ని రాలి కింద పడున్నాయి. దింపు తీసి ఎన్నాళ్ళయిందో.

"ఏడుకొండలు ఏడి సుగుణా?"

సుగుణమ్మ వంగి రాలిన కాయలు ఏరసాగింది.

"నిన్నే. ఏడుకొండలు రావడం లేదా?"

"రాలేడండి" అంది ఆవిడ. కళ్ళనిండా నీళ్ళు. "చెట్టుమీంచి పడ్డాడండి. కాలు విరిగింది. ఇంట్లో కట్టు కట్టించుకుని పడుకున్నాడు. మీతో చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు."

అధికారుల్ని అక్కడే వదిలేసి సోమసుందరం నడిచాడు. ఏడుకొండలు ఇల్లు గట్టు అవతల. నులకమంచం గోడకి నిలబెట్టి ఉంది. మనిషి నేలమీద ఉన్నాడు. మోకాలి కింద కాలు వెదురుబద్దల మధ్య వంకరగా నల్లబడి ఉంది. డాక్టర్ని చూసి లేవబోయాడు.

"రండి రండి! ఏయ్, మజ్జిగ తే. కూర్చోండి డాక్టరుగారండీ. ఒళ్ళు ఎలా ఉందండి మీకు? కోలుకున్నట్టున్నారు."

"నీ కాలెలా ఉంది?"

"బాగుందండి ఆయ్."

"ఏడుకొండలూ!"

"కొద్దిగా వంకర వచ్చిందంతేనండి."

"ఆస్పత్రికి ఎందుకు రాలేదురా?"

ఏడుకొండలు పెళ్ళాం మజ్జిగ గ్లాసు డాక్టరు చేతికిచ్చి తలవంచుకుని నిలబడింది. చంకలో పసిపిల్ల. జవాబు ఆవిడే చెప్పింది. "నా కాన్పుకి మీరు పడ్డ అవస్థ ఊరంతా చూసిందండీ. ఇప్పుడీయన వచ్చి ఈ కాలేసుకుని ఆ మంచం మీద పడుకుంటే, మిమ్మల్ని చంపేసిన పాపం మాది కాదండీ? అందుకే చాలామంది రావట్లేదండి. రాక తప్పనోళ్ళు మంచం దిగి పడుకుంటున్నారు. ఇంటి మంచాన్నీ నమ్మలేక ఈయన నేలమీదే ఉన్నాడండి. నేలమీదైతే కుర్చీకి తెలీదని మేడంగారే చెప్పేరు."

"ఏ మేడం?"

"మన హైమవతమ్మగారండి."

సోమసుందరం చేతిలో మజ్జిగ చేతిలోనే ఉండిపోయింది. ఏడుకొండలు అతని మొహం చూసి కంగారుపడ్డాడు. "మజ్జిగ పుల్లగా ఉందాండీ?"

ట్రాక్టరు తెప్పించి ఏడుకొండల్ని ఆస్పత్రికి పంపి, సోమసుందరం ఇంటికి వెళ్ళాడు. హైమవతి వెనక వరండాలో నారకుప్ప మధ్య కూర్చుని వడుకుతోంది.

"మంచాలు దిగి పడుకోమంది నువ్వేనా?"

కదురు తిరుగుతూనే ఉంది. "నేనేనండీ."

"నువ్వు చేసిన కుర్చీకి నువ్వే గంతలు కట్టావా?"

"మీకు చెప్తే వినలేదు. వాళ్ళకి చెప్తే విన్నారు. స్ట్రెచర్ మీంచి లేస్తూనే కుర్చీ అడిగారు మీరు. నేనేం చెయ్యను?"

"అబద్ధం చూసి ధ్రువపత్రం ఇచ్చి వెళ్ళారివాళ. నీ పరిశోధనంతా..."

"నా పరిశోధనలో నాలుగు మాటలున్నాయండీ. నాయకత్వం, డబ్బు, నీతి, నాణ్యత. మొగుడనే మాట ఎక్కడా రాసుకోలేదు. అది అడ్డం వచ్చేసరికి మిగతా నాలుగూ చెల్లాచెదురైపోయాయి." నవ్వబోయింది. "మీ మొహంలో మళ్ళీ రంగొచ్చింది చూసుకున్నారా?"

సోమసుందరం అరవాలనుకున్నవన్నీ మర్చిపోయాడు. మెట్టుమీద చతికిలబడ్డాడు. "ఏడుకొండలు కాలు విరిగి ఇంట్లో పడున్నాడు హైమా. ఎముక వంకరగా అతుక్కుంటోంది. ఇక చెట్టెక్కలేడు."

కదురు ఆగింది.

"నేను మంచం దిగమన్నానంతేనండీ. రావద్దనలేదు."

"వాళ్ళు నీకంటే మర్యాదస్తులు."

హైమవతి చేతుల్లోని నార పక్కన పెట్టింది. తర్వాత, "పదండి. ముందు అతని కాళ్ళమీద పడాలి" అని లేచింది. లేచిన మనిషి నిలబడలేదు. గోడ పట్టుకుంది. చెయ్యి జారింది. నారకుప్ప మీదికి మెల్లగా వాలిపోయింది. సోమసుందరం పట్టుకునేసరికి ఒళ్ళు పెనంలా కాలుతోంది.

"ఏం లేదండీ. బాగానే ఉంది" అంది కళ్ళు మూసుకునే.

ఆస్పత్రిలో దించగానే తెలివి తెచ్చుకుని, "చాప వెయ్యి సుగుణా, మంచం వద్దు" అంది. సుగుణమ్మ సోమసుందరం వైపు చూసింది.

"మంచం" అన్నాడతను.

"వద్దండీ. ఒట్టు. మీరు మళ్ళీ ఆ కుర్చీ జోలికి..."

"ఎక్కడ నొప్పి?"

"నొప్పేం లేదండీ. గ్యాసు."

"ఇక్కడా?"

"లేదండీ."

"ఇక్కడ నొక్కితే?"

పెదవి లోపలికి పోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "లేదన్నాను కదండీ. మీరెళ్ళి కాఫీ తాగండి."

తన రోగులందరి కంటే మర్యాదస్తురాలు తన ఇంట్లోనే ఉందని సోమసుందరానికి అర్థమైంది. మారు మాట్లాడకుండా మేడమెట్లెక్కి కుర్చీలో కూర్చున్నాడు.

ముందు ఏడుకొండలు కాలు వచ్చింది. దాన్ని పక్కకి పెట్టి వెతికాడు. దొరికింది. కుడివైపు, పక్కటెముకల కింద, ఎవరో పిడికిలి పెట్టి మెలిపెడుతున్నట్టు. అక్కణ్ణించి వీపు మీదుగా భుజం దాకా పాకింది. ఊపిరి పీల్చబోతే సగంలో ఆగింది. అతని చెయ్యి దానంతట అదే కుడి డొక్కలోకి వెళ్ళి అదిమి పట్టుకుంది. నడుం ముందుకి వంగింది. తల ఒక పక్కకి వాలింది.

ఆ కూర్చునే తీరు అతనికి తెలుసు.

వేసవి మొదలైనప్పటినుంచీ హైమవతి కదురు ముందు అచ్చం ఇలాగే కూర్చుంటోంది. ఎదురుగా మెట్టుమీద కాఫీ తాగుతూ రోజూ చూశాడు. నార వడుకుతోంది కాబట్టి వంగింది అనుకున్నాడు. ఎండలండీ అంటే ఎండలే అనుకున్నాడు. మూడో మంచం తాత మడమ తెలిసినవాడికి, మూరెడు దూరంలో ఉన్న మనిషిని "ఎలా ఉంది?" అని ఒక్కసారి అడగాలని తట్టలేదు.

సోమసుందరం కుర్చీలోనే మొహం కప్పుకుని ఏడ్చాడు. అది ఆవిడ నొప్పికో తన సిగ్గుకో కుర్చీక్కూడా తెలియదు. తర్వాత లేచి, డొక్క పట్టుకునే మెట్లు దిగాడు. పిత్తాశయం చీము పట్టింది, ఆపరేషన్ ఇవాళే కావాలి, అవతలి ఒడ్డునుంచి సర్జన్ రావాలి, అని చెప్పాడు.

చంటిరాజుగారు ధ్రువపత్రాన్ని చంకలోంచి తీసి పక్కనపెట్టి, స్వయంగా పంటెక్కి వెళ్ళి, భోజనం చేస్తున్న సర్జన్ని చెయ్యి కడగనిచ్చీ కడగనియ్యకుండా ఎక్కించుకొచ్చారు.

ఆపరేషన్ బల్లకి నార లేదు. లోపల ఏం జరుగుతోందో తెలిసే దారి లేదు. సోమసుందరం వరండాలో బల్లమీద కూర్చున్నాడు. ఒంట్లో ఆవిడ నొప్పి కొద్దికొద్దిగా చల్లారుతోంది. అది పూర్తిగా పోతుందేమోనని భయం వేసి, ఉన్న కాస్తనీ చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. చాపల మీద ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే లేచి వచ్చి అతని చుట్టూ నేలమీద కూర్చున్నారు.

"ఇవాళ కుర్చీలో నేను కూర్చుంటానండి" అన్నారు చంటిరాజుగారు. "మీరందరూ మంచాలెక్కండి. మొహమాటపడకండి, నేను రాజుల బిడ్డని."

కాసేపటికి మేడమీద కిటికీలోంచి కేక. "ఎవరిదండీ ఈ పన్ను? చెప్పండి బాబూ, పీకించేద్దాం!"

వార్డులో ఎవరో కిసుక్కుమన్నారు. అదే సమయానికి తలుపు తెరుచుకుని సర్జన్ బయటికి వచ్చాడు. మాస్కు కిందికి లాగాడు.

"రేపటిదాకా ఆగుంటే మనిషి దక్కేది కాదండీ. ఇప్పుడు ఫరవాలేదు."

ఏడుకొండల్ని అదే పంటులో అవతలి ఒడ్డుకి తీసుకెళ్ళి ఎముక సరిచేయించి తీసుకొచ్చారు. నడుస్తాడు గానీ చెట్టు ఎక్కలేడు. "చెట్లు కాస్త పొట్టివైతే ఎక్కుతానండీ" అంటాడు. హైమవతి కళ్ళు తెరిచాక అతని ముందు చేతులు జోడించింది. అతను హడలిపోయి, "అయ్యో, నా కాలు మీకు అడ్డొచ్చిందండి" అన్నాడు. ఆవిడ ఆ మాట ఇప్పటికీ తలుచుకుని బాధపడుతుంది. కాలు కూడుకుని మంచం దిగాక ఆస్పత్రివాళ్ళు అతనికి కొత్త ఉద్యోగం ఇచ్చారు. కర్ర వేసుకుని ఇంటింటికీ వెళ్ళి, నొప్పి దాచుకున్నవాళ్ళని పట్టుకురావడం. నులకమంచం గోడకి నిలబెట్టి ఉంటే చాలు, అతను లోపలికి వెళ్ళిపోతాడు.

సోమసుందరం అధికారులకి జరిగింది జరిగినట్టు రాసి ధ్రువపత్రం తిప్పి పంపేశాడు. చంటిరాజుగారు అప్పటికే ఫ్రేము కట్టించారు. ఫ్రేము మాత్రం ఇవ్వలేదు. కుర్చీ ఎక్కడిదక్కడే ఉంది. ఆస్పత్రిలో సంతకం పెట్టే ప్రతివాళ్ళూ రోజూ పొద్దున్న కాసేపు వంతులవారీగా అందులో కూర్చోవాలి, ఆపైన లేచి వార్డులోకి నడిచి వెళ్ళాలి, ఇదీ కొత్త పద్ధతి. మంచంమీంచే హైమవతి చెప్పింది. తన మంచం తీగ తెంపెయ్యమని కూడా చెప్పింది. ఆ ఒక్కదానికీ సోమసుందరం ఎదురు చెప్పలేదు. కత్తెర తెచ్చి తనే తెంపాడు.

ఆపరేషన్ అయిన కొన్నాళ్ళకి, పొద్దున్నే వార్డులోకి వచ్చాడు. ముందు మూడో మంచం తాత.

"ఎలా ఉంది తాతా?"

"బాగుందండి ఆయ్."

"ఏడుకొండలూ?"

"భేషుగ్గా ఉందండి ఆయ్."

ఒక్కో మంచం దగ్గరా అదే మాట. చివరి మంచం హైమవతిది. మొహం పాలిపోయి ఉంది. తల దువ్వుకుని, ఎవరో వస్తున్నట్టు దుప్పటి సర్దుకుంది. సోమసుందరం మంచం పక్కన నిలబడి, మిగతా రోగుల్ని అడిగినట్టే అడిగాడు.

"ఎలా ఉందమ్మా?"

తాత మోచేతిమీద లేచి చూస్తున్నాడు. హైమవతి నవ్వడానికి పెదవులు సిద్ధం చేసుకుంది. "బాగు..." అంది. ఆగింది. మొగుడి చెయ్యి చూసింది. అతని ఒంట్లో నొప్పి పోయి ఎన్నాళ్ళో అయింది గానీ, ఆ చెయ్యి ఇంకా అలవాటుగా కుడి డొక్కమీదే ఉంది.

"బాగోలేదండీ" అంది.

చెప్పేసరికి ఏడుపు తన్నుకొచ్చింది. "అస్సలు బాగోలేదు. కుట్లు లాగుతున్నాయి. దగ్గితే ప్రాణం పోతోంది. ఈ జావ నోట్లో పెట్టుకోలేకపోతున్నాను. రాత్రంతా పైనున్న ఫ్యాను కీచుమంటోంది. నాకు భయంగా ఉందండీ."

లంక పుట్టాక అంత అమర్యాదైన మాట ఎవరూ వినలేదు. మంచాల మీంచి తలలు లేచాయి. తర్వాత మూడో మంచం మీంచి తాత గొంతు సవరించుకున్నాడు.

"ఆ మాటకొస్తే, నాక్కూడా బాగోలేదండి."

"నాకూనండి! కట్టు బిగుసుకుపోయింది."

"పప్పులో ఉప్పే ఉండట్లేదండి డాక్టరుగారూ!"

"సుగుణమ్మగారు మళ్ళీ ముద్ర కొడుతున్నారండి!"

"ఎప్పుడు కొట్టేనయ్యా?" అని తలుపు దగ్గర్నుంచి సుగుణమ్మ.

"నాకు చెట్టెక్కాలనుందండి" అన్నాడు ఏడుకొండలు, అందరికంటే మెల్లగా.

సోమసుందరం ఆ గోలంతా విన్నాడు. ఒక్కటీ వదలకుండా విన్నాడు. తర్వాత గోడవారనున్న ముక్కాలిపీట కాలితో లాక్కుని, హైమవతి మంచం పక్కన వేసుకుని కూర్చున్నాడు. ఆ పీటకి ఏ తీగా లేదు.

"ఊఁ, ఒక్కొక్కటే మళ్ళీ చెప్పు" అన్నాడు. "ముందు కుట్లు. ఎక్కడ లాగుతున్నాయి?"